రాగి బొమ్మ లోపలి మనిషి

'రిటర్న్ టు ఓజ్' సినిమా 1985 జూన్ 21న అమెరికాలో విడుదలైంది. దానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా మా సినిమా మిత్రులం పిల్లలతో సహా ఒకరి ఇంట్లో చేరి, హాలులో తెర కట్టి, దీపాలన్నీ ఆర్పి ఆ సినిమా చూశాము. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ఏడుగురు. సినిమా రెండు గంటల లోపే ముగిసింది. ఆ తరువాత మొదలైన సంభాషణ మాత్రం రెండు గంటలు దాటినా ఆగలేదు.

వార్షికోత్సవ ప్రదర్శనలకు ఒక ఆనవాయితీ ఉంది. సినిమా అయిపోగానే నటీనటులు వేదిక మీదికి వచ్చి, వరుసగా వేసిన కుర్చీలలో కూర్చొని, షూటింగ్ నాటి జ్ఞాపకాలు చెబుతారు. అలాంటి సంభాషణలంటే నాకు ఎంతో ఇష్టం. అయితే ఈ సినిమా విషయంలో ఆ కుర్చీలలో కొన్ని ఖాళీగానే మిగిలిపోతాయి. నికోల్ విలియమ్సన్ 2011లోనూ, పైపర్ లారీ 2023లోనూ మరణించారు. జీన్ మార్ష్ ఈ నలభయ్యో ఏడు నిండడానికి రెండు నెలల ముందు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ సినిమాలో కథానాయిక వెంట నడిచే పాత్రలలో దేనికీ మనిషి ముఖం లేదు. రాగి యంత్రం, గుమ్మడికాయ తల, కోడిపెట్ట, సోఫాలకు కట్టిన జంతువు తల: ఇవే ఆమె తోటివాళ్లు. వాటిని ఆడించిన మనుషులను వేదిక ఎక్కించినా ప్రేక్షకులు గుర్తుపట్టలేరు.

అందువల్ల నటవర్గాన్ని పిలవలేని మేము, వారి పనినే మా మధ్యకు పిలుచుకున్నాము. ఒక్కొక్కరం ఒక్కొక్క నటుణ్ణి గానీ నటిని గానీ ఎంచుకొని, ముందుగా చదువుకొని వచ్చి, వారు చేసిన పని గురించి మాట్లాడాలని నిశ్చయించుకున్నాము. కథను తిరిగి చెప్పకూడదు. 'అద్భుతంగా చేశారు' అని ఊరుకోకూడదు. ఏమి చేశారో, ఎలా చేశారో చెప్పాలి. పిల్లలు ఎప్పుడైనా అడ్డుపడి ప్రశ్నలు అడగవచ్చు.

సినిమా చూడనివారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. ఓజ్ అంటే, అమెరికాలోని కాన్సాస్ నుండి డొరొతీ అనే పిల్లను తుఫాను మోసుకువెళ్లి పడవేసిన మాయా రాజ్యం. దాని గురించి ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన తొలి నవల ఆధారంగా 1939లో ఎమ్‌జీఎమ్ సంస్థ తీసిన పాటల సినిమా అమెరికాలో ప్రతి ఇంటికీ చేరింది. బామ్ ఆ ఒక్క పుస్తకంతో ఆగలేదు, మొత్తం పద్నాలుగు ఓజ్ నవలలు రాశాడు. వాటిలో 1904, 1907 సంవత్సరాలలో వచ్చిన రెండో, మూడో నవలలను కలిపి డిస్నీ సంస్థ తీసిన చిత్రమే 'రిటర్న్ టు ఓజ్'. దర్శకుడు వాల్టర్ మర్చ్. 'అపోకలిప్స్ నౌ' చిత్రానికి శబ్దగ్రహణంలో ఆస్కార్ అందుకొని, ఆ తరువాత 'ది ఇంగ్లిష్ పేషంట్' చిత్రానికి ఒకే ఏడాది ఎడిటింగ్‌కూ శబ్దానికీ రెండు ఆస్కార్లు పొందిన మర్చ్ దర్శకత్వం వహించిన పూర్తి నిడివి కథాచిత్రం ఇదొక్కటే. షూటింగ్ మొదలైన కొన్ని వారాలకే, పని నెమ్మదిగా సాగుతున్నదని స్టూడియో ఆయనను తొలగించింది. అప్పుడు 'స్టార్ వార్స్' దర్శకుడు జార్జ్ లూకాస్ వచ్చి, అవసరమైతే తాను బాధ్యత తీసుకుంటానని హామీ ఇచ్చి మర్చ్‌ను తిరిగి దర్శకుడి స్థానంలో నిలబెట్టాడు. ఆ స్నేహమే లేకపోతే ఈ సినిమా ఈ రూపంలో మనకు దక్కేది కాదు.

1939 చిత్రాన్ని గుండెల్లో పెట్టుకొని థియేటర్‌కు వచ్చినవారికి ఇందులో ఒక్క పాట కూడా వినిపించలేదు. ఓజ్ నుండి ఇంటికి తిరిగి వచ్చిన డొరొతీకి నెలలు గడిచినా నిద్ర పట్టదు, ఎప్పుడూ ఓజ్ గురించే మాట్లాడుతుంది. పెంచిన ఎమ్ అత్తయ్యకు (పైపర్ లారీ) బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగతోనే ఆమె పిల్లను ఒక వైద్యుడి దగ్గరకు తీసుకువెళుతుంది. విద్యుత్తుతో మనసు జబ్బులు నయం చేస్తానని చెప్పే ఆ వైద్యుడి వద్ద ఒక యంత్రం ఉంటుంది. చూడమ్మా, దీనికి కళ్లున్నాయి, నోరుంది అని ఆయన ఆ పిల్లకు ఎంతో ఆప్యాయంగా చూపిస్తాడు. ఈ సన్నివేశం వచ్చినప్పుడు మా హాలులో చిప్స్ నమలడం కూడా ఆగిపోయింది. ఇది పిల్లల సినిమా ఎలా అవుతుందని నాడు ఎంతోమంది విమర్శకులు అడిగారు. నేను ఆ ప్రశ్నను తేలికగా కొట్టిపారెయ్యను. అయితే, పిల్లల భయాన్ని భయంగానే చూపించి, దానిని దాటే దారిని కూడా ఆ పిల్ల చేతికే ఇచ్చిన సినిమాలు చాలా తక్కువ. వాటిలో ఇది ఒకటి.

మొదటి వంతు నాదే. నేను ఎంచుకున్నది డొరొతీ పాత్ర వేసిన ఫైరూజా బాల్క్‌ను. 1974 మే నెలలో పుట్టిన ఆమె, 1984లో ఇంగ్లాండులో ఈ చిత్రం తీస్తున్నప్పుడు తొమ్మిది దాటి పదిలోకి వచ్చింది. 1939లో అదే పాత్ర ధరించిన జూడీ గార్లండ్‌కు షూటింగ్ నాటికి పదహారేళ్లు. ఈ రెండు వయసుల మధ్య తేడాయే ఈ రెండు సినిమాల మధ్య తేడా కూడా అని నాకు అనిపిస్తుంది. పదహారేళ్ల అమ్మాయి ఇల్లు విడిచి వెళ్లాలని కలగంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఇల్లే లోకం, ఆ ఇంట్లో తన మాట ఎవరూ నమ్మకపోవడమే అన్నింటికన్నా పెద్ద కష్టం. బాల్క్ ముఖంలో ఆ కష్టం కన్నీటిగా కాకుండా ఒక విధమైన నిదానంగా కనిపిస్తుంది. వైద్యుడు అడిగిన ప్రశ్నలకు ఆమె మర్యాదగా, తడుముకోకుండా జవాబులు చెబుతుంది. పెద్దవాళ్లు నమ్మడం లేదని తెలిసిన పిల్లలు మాత్రమే అంత జాగ్రత్తగా మాట్లాడతారు.

ఇంకొక మాట కూడా చెప్పాను. దాదాపు సినిమా అంతా ఆమె ఒంటరిగా నటించింది. ఎదుట ఉన్నవి రబ్బరు, లోహం, తీగలు. ఒక పాత్రను ముగ్గురు నలుగురు కలిసి ఆడిస్తుంటే, గొంతు మరొకరిది అయితే, నటించే పిల్ల ఎవరి కళ్లలోకి చూడాలి? బాల్క్ ఎక్కడా తడబడలేదు. రాగి యంత్రానికి తాళంచెవి తిప్పుతున్నప్పుడు ఆమె చేతిలో, చలితో వణుకుతున్నవాడికి దుప్పటి కప్పుతున్నంత శ్రద్ధ కనిపిస్తుంది.

అప్పుడు మా మిత్రుని కూతురు, సరిగ్గా తొమ్మిదేళ్ల పాప, లేచి ఒక ప్రశ్న అడిగింది. "ఆ అమ్మాయికి భయం వెయ్యలేదా, వేసినా వెళ్లిందా?" నాకు వెంటనే జవాబు తోచలేదు. పక్కనే ఉన్న పన్నెండేళ్ల కుర్రవాడు చెప్పాడు: "వేసింది. మంత్రగత్తె తలలు దాచుకొనే గదిలో చూడు, అల్మారా తెరిచే ముందు ఊపిరి బిగబట్టింది." నేను ఈ సినిమాను నాలుగుసార్లు చూశాను. ఆ ఊపిరిని నేను ఎన్నడూ గమనించలేదు.

ఇక్కడ ఒక పక్కమాట. డొరొతీ తిరిగి చేరేసరికి ఓజ్ రాజధాని పచ్చల నగరం శిథిలమై ఉంటుంది, మనుషులందరూ రాళ్లై ఉంటారు. రాళ్లైన మనుషులు మనకు కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయలవాడు మగవాళ్లను రాళ్లుగా మారిస్తే, వారిని విడిపించడానికి బయలుదేరినవాడు పసివాడైన బాలవర్ధిరాజు. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్న ప్రాణం సంగతి వింటూ మా అమ్మమ్మ పక్కన పడుకొన్న రాత్రులలో నాకు భయం వేసేది, అయినా మర్నాడు మళ్లీ అదే కథ చెప్పమని అడిగేవాణ్ణి. పెద్దలు రాళ్లైపోయినప్పుడు పిల్ల వెళ్లి వాళ్లను మనుషులను చెయ్యాలి. ఈ కథ మన తాతలకూ తెలుసు, బామ్‌కూ తెలుసు. 1985లో ఈ సినిమాను భయంకరమని పక్కన పెట్టిన పెద్దలు, తమ చిన్ననాట విన్న కథలు ఎలాంటివో ఒక్కసారి గుర్తు చేసుకొని ఉంటే బాగుండేది.

ఆ రోజు అందరినీ కట్టిపడేసిన ప్రసంగం మాత్రం నాది కాదు. వృత్తిరీత్యా యంత్రాలు బాగుచేసే మా మిత్రుడొకడు టిక్-టాక్ పాత్రను ఎంచుకున్నాడు. టిక్-టాక్ ఓజ్ రాజ్యపు సైన్యం. సైన్యమంటే మొత్తం సైన్యం అదొక్కటే. గుండ్రని రాగి పొట్ట, పొట్టి కాళ్లు, మీసాలు. దానికి తాళం తిప్పే స్ప్రింగులు మూడు ఉంటాయి: ఒకటి ఆలోచనకు, ఒకటి మాటకు, ఒకటి కదలికకు. ఆలోచన స్ప్రింగు అయిపోయి మాట స్ప్రింగు మిగిలితే అది అర్థంలేని మాటలు మాట్లాడుతుంది. కదలిక అయిపోతే, మనసులో ఎంత ధైర్యమున్నా నిలబడినచోటే ఉండిపోతుంది. చూస్తే ఇది నిజమైన యంత్రమనే ఎవరైనా అనుకుంటారు. మా పిల్లలందరూ అలాగే అనుకున్నారు.

"లోపల మనిషి ఉన్నాడు," అన్నాడు మా మిత్రుడు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ మనిషి పేరు మైకేల్ సండిన్. బ్రిటన్‌కు చెందిన జిమ్నాస్టిక్స్ కళాకారుడు, 1984లో అక్కడి ప్రసిద్ధ పిల్లల టీవీ కార్యక్రమం 'బ్లూ పీటర్' వ్యాఖ్యాతలలో ఒకడయ్యాడు. ఆ గుండ్రని పొట్టలో మనిషి నిటారుగా నిలబడే చోటు లేదు. అందుకని సండిన్ నడుము దగ్గర రెండుగా వంగి, తలను రెండు మోకాళ్ల మధ్య పెట్టుకొని, చేతులు అడ్డంగా మడిచి బొమ్మ చేతులలోకి దూర్చి, వెనక్కు నడిచేవాడు. అతడు వెనక్కు నడిస్తే టిక్-టాక్ ముందుకు నడిచినట్టు కనిపిస్తుంది. దారి కనిపించడానికి లోపల ఒక చిన్న తెర అమర్చారు. ఆ తెరలో తాను ఎటు పోతున్నాడో చూసుకుంటూ అడుగులు వెయ్యాలి. లోపల వేడి, తలకు రక్తం దిగే స్థితి. ఒక్కో విడతకు రెండు మూడు నిమిషాలకు మించి ఉండలేకపోయేవాడు. గొంతు షాన్ బారెట్ అనే నటుడిది. కళ్లూ మీసాలూ బయటనుండి మరొకరు కదిలించేవారు. ఇంతమంది కలిస్తే ఒక్క టిక్-టాక్.

మా మిత్రుడు ఇంకొక సంగతి జోడించాడు. యంత్రాన్ని యంత్రంలా నడిపించడం సులభమే, కానీ టిక్-టాక్ నడకలో ఒక పెద్దమనిషి తరహా ఉంది. డొరొతీ వెనుక ఒక అడుగు దూరంలో, ఆమె ఆగితే ఆగుతూ, ఆమె తిరిగితే పొట్టతో సహా తిరుగుతూ నడుస్తుంది. ఆ వినయం స్ప్రింగుల నుండి వచ్చింది కాదు, తలకిందులుగా వేలాడుతూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ, ఆ పిల్ల అడుగుకు తన అడుగు కలిపిన ఒక యువకుడి నుండి వచ్చింది. సండిన్ 1989లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులోనే మరణించాడు. సినిమా మొత్తంలో అతని ముఖం కనిపించదు.

ఆ తరువాత మిగిలిన పాత్రలు వేగంగా సాగాయి. గుమ్మడికాయ తల ఉన్న జాక్‌కు గొంతు ఇచ్చినవాడు బ్రయన్ హెన్సన్, మపెట్ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ కుమారుడు, అప్పటికి ఇరవై దాటిన వయసు. డొరొతీని 'అమ్మా' అని పిలవవచ్చా అని జాక్ అడిగే చోట మాలో పెద్దవాళ్లే ఎక్కువగా కదిలిపోయారు. కోడిపెట్ట బిల్లీనా గురించి మాట్లాడిన అక్కయ్య, కోడి మెడ తిప్పే తీరును ఆడించినవారు ఎంత దగ్గరగా గమనించారో చేత్తో చేసి చూపించింది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు, బొమ్మ వెనుక చెయ్యి ఉంటుందని తెలిసినా బొమ్మ బాధపడితే బాధపడటం ఎలాగో వేరే చెప్పనక్కరలేదు.

జీన్ మార్ష్ గురించి మాట్లాడవలసిన మిత్రురాలు ముందుగా ఒక నిమిషం మౌనంగా ఉంది. 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' టీవీ ధారావాహిక ఊహకు ప్రాణం పోసిన ఇద్దరిలో ఒకరైన మార్ష్, ఈ చిత్రంలో ఆసుపత్రి నర్సుగానూ, ఓజ్‌లో తలలు మార్చుకునే మంత్రగత్తె మోంబీగానూ రెండు పాత్రలు వేసింది. మోంబీ గది గోడల నిండా అద్దాల అల్మారాలు, ఒక్కోదానిలో ఒక్కో అందమైన తల. బట్టలు మార్చుకున్నట్టు తల మార్చుకుంటుంది. మిగతా తలలకు వేరే నటీమణులు ఉన్నా, అసలు తల మార్ష్‌దే. మిత్రురాలు ఎత్తి చూపిన అంశం నాకు బాగా నచ్చింది: నర్సు పాత్రలో మార్ష్ ఎక్కడా గొంతు పెంచదు. పిల్ల చెయ్యి పట్టుకొనే తీరులోనే నిర్దయ అంతా ఉంది. ఓజ్‌లో ఆమె అరిచినప్పుడు, కాన్సాస్‌లో ఆమె మింగుకున్నదంతా అప్పుడు బయటపడుతున్నట్టు ఉంటుంది.

శబ్దం తెలిసిన దర్శకుడి చెయ్యి కూడా ఇక్కడే కనిపిస్తుంది, వినిపిస్తుంది అనాలేమో. ఆసుపత్రి వసారాలో రోగిని తోసుకువెళ్లే బండి చక్రాల కిర్రుమనే చప్పుడు, ఓజ్‌లో చేతులకూ కాళ్లకూ చక్రాలున్న వీలర్లు వెంటపడినప్పుడు మళ్లీ వస్తుంది. మొదటిసారి చూసిన పిల్లలు ఇది మాటల్లో చెప్పలేకపోయినా, వీలర్లు తెర మీదికి రాకముందే ఇద్దరు చెవులు మూసుకోవడం నేను చూశాను.

వైద్యుడూ, ఓజ్‌ను జయించిన గనుల రాజూ ఒక్కరే: నికోల్ విలియమ్సన్. రాజు మొదట రాతిగోడలో ఒక ముఖంగా కదులుతాడు. అది విల్ వింటన్ బృందం మట్టిని ఫ్రేముకు ఫ్రేము మలచి చేసిన యానిమేషన్. రాజు పెట్టిన ఆటలో డొరొతీ స్నేహితులు ఒక్కొక్కరే ఓడిపోయి అలంకరణ వస్తువులుగా మారిపోతున్న కొద్దీ రాజు రాయి నుండి మనిషిగా మారుతూ, చివరకు విలియమ్సన్ ముఖమే బయటపడుతుంది. ఎంత మనిషైతే అంత ప్రమాదకరం అన్నమాట. ఆయన ఎక్కడా కేకలు వెయ్యడు, బుజ్జగిస్తాడు. ఆ బుజ్జగింపు వైద్యుడి గదిలో మనం ఇంతకుముందే విన్నదే. ఈ చిత్రం దృశ్య ప్రభావాల విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయింది గానీ, బహుమతి 'కకూన్' చిత్రానికి వెళ్లింది.

లోపాలు లేవని నేను అనను. డొరొతీ పాత స్నేహితుడైన దిష్టిబొమ్మ ముఖం బిగుసుకుపోయి ఉంది. డొరొతీ అంత కష్టపడి వెతికిన స్నేహితుడు దొరికాక, అతని ముఖంలో ఆ కలయిక కనబడదు. మిగతా పాత స్నేహితులైన పిరికి సింహమూ, రేకు మనిషీ చివర్లో పలకరించి పోయేవారే. ఓజ్ రాకుమారి ఓజ్మా పట్టాభిషేకం తొందరగా ముగిసిపోతుంది. మాలో ఒకరు ఈ కారణాలతోనే సినిమా విఫలమైందని వాదించారు. నాకు ఆ వాదన సరికాదనిపించింది. సుమారు 2.8 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన ఈ చిత్రం అమెరికా థియేటర్లలో 1.1 కోట్ల డాలర్ల చిల్లర మాత్రమే రాబట్టింది. జనం దీనిని 1939 చిత్రానికి కొనసాగింపు అనుకొని వచ్చారు, పాటలు వెతుక్కున్నారు. 1939 చిత్రంలో డొరొతీ తొడిగిన కెంపుల మాయ పాదరక్షలు ఇందులోనూ ఉండటం ఆ అపోహను ఇంకా పెంచింది. నిజానికి బామ్ రాసినవి వెండి పాదరక్షలు, కెంపులు ఎమ్‌జీఎమ్ ఊహ కాబట్టి వాటిని వాడుకోవడానికి డిస్నీ డబ్బు చెల్లించవలసి వచ్చింది. ఇంకొక సంగతి: ఆ 1939 చిత్రం కూడా తొలి విడుదలలో ఖర్చు రాబట్టుకోలేదు. 1956 నుండి టీవీలో వస్తూ వస్తూ అది ఇంటింటి సినిమా అయింది. అంటే జనం దీనిని ఏ సినిమాతో పోల్చి కాదన్నారో, ఆ సినిమాకే తన చోటు దొరకడానికి ఏళ్లు పట్టింది.

రాత్రి పదకొండు కావస్తుండగా పెద్దవాళ్లం కుర్చీలు సర్దుతున్నాము. ఇందాకటి పన్నెండేళ్ల కుర్రవాడు హాలు మధ్యకు వెళ్లి, నడుము వంచి, తల మోకాళ్ల మధ్య పెట్టుకొని, చేతులు మడుచుకొని వెనక్కు నడవడం మొదలుపెట్టాడు. నాలుగు అడుగులు వేసి కూలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. తరువాత మరొకరు, తరువాత తొమ్మిదేళ్ల పాప. ఆమె ఆరు అడుగులు వేసింది. లేచి, ఊపిరి తీసుకొని, టిక్-టాక్ మొదట నడిచే చోటు మళ్లీ వెయ్యమని అడిగింది.

మళ్లీ దీపాలు ఆర్పాము. గోడలోని చీకటి గదిలో డొరొతీ మూడు స్ప్రింగులకూ తాళం తిప్పింది. రాగి బొమ్మ కదిలి, ఒక అడుగు వేసి, ఇంకొకటి వేసింది. ఈసారి పిల్లలెవరూ బొమ్మ ముఖం వైపు చూడటం లేదు. అందరి కళ్లూ ఆ గుండ్రని పొట్ట మీదే ఉన్నాయి. అది తెర దాటి బయటకు వెళ్లేదాకా, పాప తన ఊపిరి బిగబట్టుకొనే కూర్చుంది.